రెండో ప్రశ్నార్థకం

శ్యామసుందరిని చంపినవాడు ఆమె కోసం రాలేదు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన కాసేపటికే లీలావతికి ఆ సంగతి అర్థమైంది.

రక్తం వంటింట్లో మొదలైంది. అక్కణ్ణుంచి హాల్లోకి, హాల్లోంచి పడకగదిలోకి, బట్టల బీరువా దాకా చారలు చారలుగా సాగి మళ్ళీ వెనక్కి వచ్చింది. అరవయ్యేళ్ళ మనిషిని జుట్టు పట్టుకుని గది గదికీ ఈడ్చాడు. ప్రతి గదిలోనూ ఆగి అడిగాడు, చెప్పనందుకు కొట్టాడు. బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, మంచం తిరగబడి ఉంది. బాత్రూమ్ పైన అటక మూత కూడా ఊడదీశాడు. చివరికి మళ్ళీ వంటింట్లోకే తెచ్చి పచ్చడిబండతో తల పగలగొట్టాడు. పోలీసులు బండను పట్టుకెళ్ళారు గానీ, కిటికీ పక్కన ఆరబెట్టిన వడియాల పళ్ళేన్ని వదిలేశారు. తెల్లటి వడియాల మీద నెత్తుటి చుక్కలు నల్లగా ఎండిపోయాయి.

లీలావతి ఆ పళ్ళెం వంక చూసి పళ్ళు నూరింది. సిడ్నీలో ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్సు తీసుకుని చాలా ఏళ్ళయింది. శవాలు కొత్త కాదు, కానీ ఇలాంటి వాటిని చూసినప్పుడు ఆమెకు ఏడుపు కన్నా ముందు కోపమొస్తుంది. కడపలో పుట్టిన మనిషి. నోరు కొంచెం పెద్దది. ఆ నోరే తనకు పెట్టని కోట అని ఆమె నమ్మకం.

భీమయ్య లోపలికి రానన్నాడు. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లోని ఈ ఇల్లు నిన్న సాయంత్రం పోలీసులు ఆయనకు అప్పగించారు. భార్యను చంపినవాణ్ణి పట్టివ్వమని లీలావతికి కేసిచ్చింది ఆయనే. గుమ్మం బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ పొద్దు మీరు యాడ ఉండారు అంకుల్?"

"కంటి డాక్టరు దగ్గరమ్మా. మధ్యాహ్నం వెళ్ళి నాలుగున్నరకి వచ్చా. తలుపు తీసే ఉంది. వడియాలు గాలికి పోతాయని తలుపేసుకోమని చెప్పి వెళ్ళా కూడా..." అని ఆగిపోయాడు.

"వెనకింట్లో గీతిక ఉండాదని ఎవరికి చెప్పినారు?"

"ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ గుళ్ళో కూడా నోరు విప్పలేదు. ఆ పిల్ల మొగుడు ఎలాంటివాడో మాకు తెలుసు కదమ్మా."

లీలావతికీ తెలుసు. భార్గవ్ పెద్ద ఫైనాన్స్ కంపెనీలో ఉద్యోగి, నలుగురిలో నవ్వుతూ మాట్లాడే మనిషి. ఎనిమిదో నెలలో భార్య మణికట్టు విరగ్గొట్టాడు. పురుడయ్యాక గీతిక ఆసుపత్రి నుంచి బిడ్డతో నేరుగా ఇక్కడికి వచ్చి, భీమయ్య పెరట్లో విడిగా కట్టిన గ్రానీ ఫ్లాట్‌లో దాక్కుంది. హత్య జరిగిన వేళకు భార్గవ్ ఆఫీసు మీటింగులో పదిమంది మధ్య కూర్చుని ఉన్నాడు. కాబట్టి వచ్చినవాడు అతను పంపిన మనిషి.

ఆమె ఇంటి పక్కనున్న సందులోంచి పెరట్లోకి నడిచింది. ఎత్తైన రేకుల కంచె, దానికో గేటు. గేటు దాటితేనే గ్రానీ ఫ్లాట్ కనబడుతుంది. ఇంటి పెరటివైపు కిటికీకి బ్లైండు దించి ఉంది, లోపలివాడికి పెరడే కనబడదు. గేటు గడియ చెక్కుచెదరలేదు, అవతలి తలుపు మీద గీత కూడా పడలేదు. ఆ రోజు లోపల గీతిక స్నానాలగది మూల బిడ్డ నోటికి రొమ్ము అందించి, అది ఏడవకుండా చూసుకుంటూ, ఆంటీ కేకలు వింటూ కూర్చుంది. కేకలు తప్ప ఆమెకు ఇంకేమీ వినబడలేదు.

వెనక ఉంది అని ఒక్క మాట అంటే శ్యామసుందరి బతికేది. అనలేదు. లీలావతి గేటు మూసింది. కళ్ళు తుడుచుకుంది. వీడికి వీధి తెలుసు, ఇంటి నంబరు తెలుసు, రెండో తలుపు ఉందని మాత్రం తెలియదు. ఈ సగం చిరునామా వాడికి ఎవరిచ్చారు?

అప్పుడే ఫోన్ మోగింది. పెండిల్ హిల్‌లో కర్రీ పాయింట్ నడిపే మంగళ.

"లీలా, ఎక్కడున్నావే? పరుగెత్తుకురా! ఆ బాలమురళి మా చలపతిని స్టోర్‌రూమ్‌లో వేసుకుని చావగొడుతున్నాడు. వాడే హంతకుడంట!"

*

స్టోర్‌రూమ్ తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లీలావతి భుజంతో రెండుసార్లు గుద్దితే ఊడింది.

చలపతి బియ్యం బస్తాల మధ్య కుర్చీకి కట్టేసి ఉన్నాడు. మంగళ దగ్గర ఇళ్ళకు టిఫిన్ బాక్సులు చేరవేసే డ్రైవర్, ముప్పయ్యేళ్ళవాడు. పెదవి చీలి గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది. ఎడమచేతి వేళ్ళు రెండు పోవలసిన వైపుకి కాకుండా వెనక్కి వంగి ఉన్నాయి. ఎదురుగా బాలమురళి చపాతీ కర్ర పట్టుకుని మూడో వేలు ఎంచుకుంటున్నాడు.

లీలావతి అడగలేదు, ఆగమనలేదు. గోడకు వేలాడుతున్న ఇనప గరిటె లాక్కుని అతని మోచేతి మీద శక్తికొద్దీ కొట్టింది. కర్ర కింద పడింది. బాలమురళి అరిచి ఎడమచేత్తో ఆమె గొంతు పట్టి బస్తాలకేసి నొక్కాడు. ఆమె గరిటె కాడతో అతని డొక్కలో పొడిచింది. మంగళ అరుపులకు వంటవాళ్ళు వచ్చి ఇద్దర్నీ విడదీశారు.

"ఇది నీ గుంటూరు స్టేషననుకుంటాండావా?" అంది లీలావతి దగ్గుతూ. "ఈ దేశంలో దీనికి జైలు ఉండాది."

బాలమురళి చొక్కా సర్దుకున్నాడు. ఒకప్పుడు సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు ఇక్కడ సొంత ఏజెన్సీ. కోడలు ఎక్కడుందో కనిపెట్టమని భార్గవ్ ఇంటివాళ్ళు పెట్టుకున్నది ఇతన్నే. లీలావతికి రావలసిన కేసులు ఇతను తన్నుకుపోవడం, ఇతని కేసుల్లో తప్పులు ఆమె నలుగురిలో ఎత్తిచూపడం ఎప్పుడూ ఉన్నదే.

"హంతకుణ్ణి పట్టుకున్నందుకు దండెయ్యాల్సింది పోయి గరిటెతో కొడతావేంటమ్మా? వీడి వేలిముద్రలు ఆ వెనక గేటు నిండా ఉన్నాయి. రోజూ అక్కడికెళ్ళేది వీడే. పోలీసులకి నేనే అప్పజెప్తా."

"గేటు నిండా ఉండాయి కాబట్టే వీడు కాదు."

"అదేం లెక్క?"

"వీడు గీతికకి దినమ్మూ బాక్సు ఇచ్చేది వెనక గేటు కాడ. ఆ పిల్ల కావాలనుకుంటే నేరుగా వెనక్కే పోతాడు. చంపినోడు ముందింట్లో అటక దాకా వెతికినాడు. వాడికి వెనకొక ఇల్లుండాదనే తెలీదు. గేటు మీద చెయ్యే వెయ్యలేదు వాడు."

మంగళ మొహంలో వెలుగొచ్చింది. లీలావతికి ఊపొచ్చేసింది. ఆ మనిషి నోరు మూయించడమంటే ఆమెకు పండగ.

"చలపతీ, నీకు వెనకిల్లు ఉండాదని ఎట్లా తెలిసింది?"

చలపతి నెత్తురు మింగి అన్నాడు. "ఫోన్ చేసి కనుక్కున్నానండీ. మా యాప్‌లో ఆర్డర్లు కనబడే బోర్డులో వీధీ, ఇంటి నంబరే వస్తాయండి. యూనిట్ నంబరు ఎప్పుడూ రాదు. డ్రైవర్లందరం కస్టమర్‌కి ఫోన్ చేసే అడుగుతామండి."

"ఏడాది నుంచీ అదే జబ్బు," అంది మంగళ. "బాగుచెయ్యరా నాయనా అంటే జశ్వంత్ రేపు రేపంటాడు."

లీలావతి చేతిలో గరిటె కిందికి దిగింది. వీధి ఉంది, నంబరు ఉంది, రెండో తలుపు లేదు. పొద్దున పెరట్లో తను వెతుక్కున్న సగం చిరునామా ఇదే.

"ఆ జశ్వంత్‌ని పిలువక్కా."

జశ్వంత్ మేడ మీది గదిలోంచి లాప్‌టాప్ పట్టుకుని దిగాడు. వరంగల్ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు, ఒక కంపెనీలో పనిచేస్తూ సాయంత్రాలు మంగళ యాప్ చూసుకుంటాడు. చలపతి చెయ్యి చూసి తెల్లబోయాడు.

"యూనిట్ నంబరు బోర్డులోకి ఎందుకు రాదు?"

"అదొక చిన్న బగ్ మేడం, ప్రోగ్రాంల తప్పు. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషల రాసిన." లాప్‌టాప్ బస్తా మీద పెట్టి చూపించాడు. "ఒక్కొక్క ఆర్డర్‌కి ఒక లింక్ ఉంటది. గీతిక మేడంది చూడుండ్రి."

తెర మీద ఒక వరుస కనబడింది:

/track?street=18+Talgarra+Street&next=/door?unit=rear

"మొదటి ప్రశ్నార్థకం కంటే ముందున్నది పాత్, అంటే పేజీకి పోయే తొవ్వ. దాని తర్వాత ఉన్నది క్వెరీ, అంటే వివరాలు. రెండింటిని విడగొట్టెతందుకు నేను ఇట్ల రాసిన."

path, query = link.split("?")

"స్ప్లిట్ అంటే కత్తి లెక్క మేడం. ప్రశ్నార్థకం ఎక్కడ కనిపిస్తే అక్కడ నరుకుతది. కానీ మా లింక్ కడుపుల ఇంకో లింక్ ఉన్నది, డోర్ పేజీది. దానికి దాని ప్రశ్నార్థకం ఉన్నది. అట్లుండుడు తప్పేం కాదు. ఒక్కసారే నరుకు అని నేను చెప్పాలె, చెప్పలే. అందుకే మూడు ముక్కలైతయి. పట్టుకునే చేతులు రెండే ఉన్నయి, పాత్, క్వెరీ. మూడో ముక్క కింద పడిపోతది. రూబీ ఎర్రర్ గూడ ఇయ్యదు, ఊకుంటది."

"ఆ మూడో ముక్కలో ఏముండాది?"

"యూనిట్ నంబర్."

వంటింట్లో పోపు చిటపటలు వినబడుతున్నాయి.

లీలావతి బాలమురళి వైపు తిరిగింది. "ఇన్నావా సారూ? గీతికను ఎవరో చూసి చెప్పి ఉంటే వెనకిల్లు కూడా చెప్తారు. వెంటబడి కనుక్కున్నా గేటు తెలుస్తాది. చంపినోడు ఈ బోర్డు చూసి పోయినాడు. మూడో ముక్క కింద పడిపోయింది కాబట్టి తప్పు తలుపు కొట్టినాడు. నువ్వేమో డ్రైవర్ వేళ్ళు విరుస్తాండావు."

"ఆ పిల్ల మారుపేరుతో తెప్పించుకుంటోందిగా," అన్నాడు బాలమురళి మెల్లగా. "బోర్డులో చూస్తే మాత్రం తనే అని ఎట్టా తెలుస్తుంది?"

జవాబు మంగళ చెప్పింది. "ఎందుకు తెలీదూ? అది బాలింత పథ్యం బాక్సు. వెల్లుల్లి కారం, నెయ్యి, పొట్లకాయ కూర. ఇక్కడ ఎవరికి పురుడొచ్చినా అమ్మో అత్తో విజిటర్ వీసా మీద వచ్చి వండి పెడుతుంది. పథ్యం కూడా బయట నుంచి తెప్పించుకుంటోందంటే ఆ పిల్లకి ఎవరూ లేరనే. అలాంటి బాక్సు ఇప్పుడు నా దగ్గర ఒకటే పోతోంది."

బాలమురళి తలూపాడు. మోచెయ్యి నిమురుకుంటూ నవ్వాడు.

"తెలివైనదానివేనమ్మా. ఒప్పుకున్నా. పోలీసులకి నువ్వే చెప్పుకో," అని తలుపు దాటి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో అతను ఓటమి ఒప్పుకోవడం అదే మొదలు. లీలావతి ఆ గెలుపును కాసేపు చప్పరించింది. అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడని అప్పుడే అనుకుని ఉంటే బాగుండేది.

*

మంగళ అంబులెన్సుకు ఫోన్ చేసింది. లీలావతి చలపతి కట్లు విప్పి, విరిగిన వేళ్ళ చుట్టూ ఐసు ముక్కల గుడ్డ చుట్టింది. అతను నొప్పికి వణుకుతున్నాడు. ఐసు కరిగి గుడ్డ తడిశాక నోరు విప్పాడు.

"మేడమ్ గారూ, ఆయన హత్య గురించి నన్ను ఒక్క మాట కూడా అడగలేదండి."

"మరి ఏమడిగినాడు?"

"వెస్ట్‌మీడ్‌లో బాక్సిస్తున్నావే, ఆ బిల్డింగులో ఏ యూనిట్ అని. అదొక్కటేనండీ. ఒక్కో వేలికి ఒక్కోసారి అడిగారు. నాకు నిజంగా తెలీదండీ. మీరు చెప్పినట్టే కింద లాబీలో పెట్టేసి వచ్చేస్తున్నాను."

లీలావతి లేచి నిలబడింది.

హత్య జరిగిన రోజే గీతికను, బిడ్డను తనే రహస్యంగా వెస్ట్‌మీడ్ తీసుకెళ్ళి, ఊరెళ్ళిన స్నేహితురాలి అద్దె ఫ్లాట్‌లో పెట్టింది. ఆర్డర్ మీదున్న పాత మారుపేరు తీసేయించి కోటమ్మ అని మార్పించింది. బాక్సు మాత్రం ఆపించలేదు. కుట్లు పచ్చిగా ఉన్న పిల్ల, చంటిబిడ్డకు పాలివ్వాలి, దాని కడుపు మాడ్చకూడదనుకుంది. పేరు మారితే చాలనుకుంది. పేరు చూసి వెతికేవాడైతే కదా!

"జశ్వంత్! ఈ బోర్డు ఎవరెవరు చూడగలరు?"

"డ్రైవర్లు, నేను, మంగళ ఆంటీ. ఇంక..." అతను నెత్తి గోక్కున్నాడు. "బాలమురళి సార్‌కి గూడ లాగిన్ ఉన్నది మేడం. పోయిన ఏడు ఫేక్ రిఫండ్స్ కేసు సార్ చూసిండు గదా, అప్పుడు ఆంటీ ఇయ్యమన్నది. తీసెయ్యలే."

మంగళ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పచ్చడిబండ ఎత్తిన చెయ్యి ఇందాక తన గొంతు మీద ఉన్న చెయ్యేనని లీలావతికి అర్థమైంది. అయినా ఒక్క ధైర్యం మిగిలింది. ఆ బిల్డింగులో వందకు పైగా ఫ్లాట్లున్నాయి. బోర్డులో బిల్డింగు నంబరే వస్తుంది. చలపతి చెప్పలేదు, చెప్పలేడు. వాడు అక్కడికి పోయినా ఎన్ని తలుపులు కొడతాడు? ఏడాదిగా అందరూ తిట్టుకున్న ఆ తప్పే ఇప్పుడు గీతికకు కాపలా.

"బోర్డు తెరువు. వెస్ట్‌మీడ్ ఆర్డర్ ఎట్లా కనబడతాందో చూపించు. దాన్ని అట్లనే ఉండనీ, ముట్టుకోవద్దు."

జశ్వంత్ కదల్లేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"మేడం, నేను అప్పుడే సరిజేసిన."

"ఏందీ?"

"మీరు మాట్లాడుతున్నప్పుడే. నా లైన్ వల్ల ఒక పెద్దమనిషి చచ్చిపోయింది గదా మేడం. నాకు పానం ఆగలే. ఒక్కసారే నరుకమని లిమిట్ పెట్టిన, అంతే. లైవ్‌ల ఉన్నది, అందరి బోర్డుల. పాత ఆర్డర్లల్ల గూడ ఇప్పుడు యూనిట్ కనిపిస్తది."

అతను తెర తిప్పాడు. కోటమ్మ, బాలింత పథ్యం, వెస్ట్‌మీడ్. పక్కన ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న చోట యూనిట్ ఇరవైమూడు అని స్పష్టంగా ఉంది.

బాలమురళి గెలుపు తనకు వదిలేసి ఎందుకు వెళ్ళాడో లీలావతికి అప్పుడు తెలిసింది. వేళ్ళు విరిచినా రాని మాటను, ఎక్కడ వెతకాలో, ఎలా పోయిందో, ఎవరు తిరిగి తేగలరో, తనే నలుగురిలో నిలబడి విడమరిచి చెప్పింది. నోరు, నోరు! ఆమెకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. ఇక్కణ్ణుంచి వెస్ట్‌మీడ్ కారులో ఎంతసేపు! జశ్వంత్‌కి పోలీసులకు ఫోన్ చెయ్యమని సైగ చేస్తూ గీతిక నంబరు నొక్కింది.

గీతిక వెంటనే ఎత్తింది. గొంతులో భయం లేదు.

"అక్కా, నేనే చేద్దామనుకుంటున్నా. నువ్వు పంపిన అంకుల్ వచ్చారు. ఈ ఫ్లాట్ కూడా సేఫ్ కాదన్నావంట కదా, బ్యాగ్ ప్యాక్ చేస్తున్నా."



"బాబు యాడ?"

"అంకుల్ ఎత్తుకున్నారక్కా. ఎంత బాగా ఆడిస్తున్నారో. అసలు ఏడవట్లేదు."

అరిస్తే గీతిక కూడా అరుస్తుంది. అప్పుడేమవుతుందో వడియాల పళ్ళెం మీద పొద్దున చూసింది. లీలావతి గోడకు ఆనుకుని, తన గొంతు తనే గుర్తుపట్టలేనంత నెమ్మదిగా అంది. "మంచిది తల్లీ. నువ్వు సర్దుకో. ఫోన్ ఆయనకియ్యి."

ఫోన్ చేతులు మారిన చప్పుడు. ఎవరో గదిలోకి వెళ్ళి తలుపు చేరేశారు.

"చెప్పమ్మా లీలావతీ." బాలమురళి గొంతు జోలపాడుతున్నంత మెత్తగా ఉంది. "పసివాడు దూదిలా ఉన్నాడు. మెడ ఇంకా నిలవలేదు. నా అరచేతిలోనే ఉంది తలకాయ. మేం ముగ్గురం నిదానంగా కిందికి దిగి కారెక్కుతాం, తల్లి కూడా సంతోషంగా వస్తుంది. ఒక్క సైరన్ నా చెవిన పడిందంటే మాత్రం చెయ్యి తీసేస్తా. అర్థమైందా?"

"మేడం, పోలీసులు బయల్దేరిన్రంట!" అన్నాడు జశ్వంత్ వెనకనుంచి సంబరంగా.

లీలావతి ఫోన్‌ను చెవికి అదిమిపెట్టుకుంది. అందులో దూరంగా ఒక సైరన్ మొదలై దగ్గరవుతోంది. పోలీసులు ఇంత త్వరగా రాలేరు. ఆసుపత్రి పక్కనుండే వీధి అది, అంబులెన్సులు పగలంతా అలా తిరుగుతూనే ఉంటాయి.

"అది అంబులెన్సు!" అని అరిచింది. "బాలమురళీ, అది పోలీసు కాదు, అంబులెన్సు!"

అవతల నుంచి జవాబు రాలేదు. బాబు ఏడుపు మొదలుపెట్టాడు.